తెలియనివారికే ప్రవేశం

గవ్వలరేవు శాఖా గ్రంథాలయంలో ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ‘ఊరి ముచ్చట’ అని ఒకటి జరిగేది. దానికి టిక్కెట్టు లేదు, సభ్యత్వం లేదు, వేదిక లేదు, శాలువా అసలే లేదు. ఊళ్లో ఎవరో ఒకరు లేచి తమకు తెలిసిన పాత సంగతి చెప్పేవారు. మిగిలినవారు వినేవారు. విని ఊరుకునేవారు కూడా కాదు. “పడమటి గేటు కాదండీ, తూర్పు గేటు” అనో, “ఆ దొర గుర్రం తెల్లది కాదు, చుక్కలది” అనో మధ్యలో అడ్డం తగిలేవారు. గుర్రం రంగు మీద ఒకసారి గంటంపావు వాదన నడిచింది. ఆ గుర్రాన్ని కళ్లారా చూసినవారు అక్కడ ఎవరూ లేరు.

ఈ ముచ్చటను మొదలుపెట్టింది గ్రంథపాలకురాలు ఇందుమతి. తొమ్మిదేళ్ల కిందట ఆమె బదిలీ మీద వచ్చినప్పుడు, పత్రికల గదిలో ఆరుగురు పెద్దవాళ్లు ఒకే దినపత్రికను ఆరు ముక్కలుగా పంచుకుని చదువుతూ కనిపించారు. పత్రికలో లేని సంగతులు వాళ్లకు చాలా తెలుసునని నెల తిరక్కుండానే ఆమెకు అర్థమైంది. గవ్వలరేవు ఒకప్పుడు నిజంగానే రేవు. ఉప్పు కొఠార్లు, లాంచీలు, సుంకం కచేరీ అన్నీ ఉండేవి. ఏటి మీద వంతెన పడ్డాక లాంచీలు ఆగిపోయాయి. కొఠార్ల పెంకులు ఎవరికి చిక్కినన్ని వారు తమ ఇళ్ల మీదికి మోసుకుపోయారు. ఊరికి మిగిలినవి కబుర్లే. వాటిని ఇందుమతి ఒక లావుపాటి రిజిస్టరులో రాసిపెట్టేది.

ఈ తొమ్మిదేళ్లలో ఒక్క ముచ్చట కూడా మానని మనిషి, ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, సంగాని దానయ్య. వయసు ఎనభై నాలుగు. లాంచీలో కలాసీగా చేరి, తాళ్లు లాగి, తర్వాత దాన్ని నడిపే సరంగు అయి, వంతెనతో పాటే ఇంటికి వచ్చేసినవాడు. కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని అంతా వినేవాడు. అందరికంటే ముందు లేచి వెళ్లిపోయేవాడు.

ఆ దానయ్య మాఘమాసంలో ఒకరోజు ఇందుమతి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“వచ్చే ముచ్చట నేను సెప్తానమ్మా.”

“దేని గురించండీ?”

“లాంచీ.”

ఏ లాంచీ అని ఆమె అడగలేదు. అరవై రెండేళ్ల కిందట ఏటి మధ్యలో ఒక లాంచీ మునిగి పద్నాలుగు మంది పోయారన్నది ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. ఆ లాంచీ మీద పనిచేసి గట్టెక్కినవాళ్లలో ఇప్పటికి మిగిలింది దానయ్య ఒక్కడేనని కూడా తెలుసు. ఆ సంగతి ఆయన్ని అడగకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అయినా ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు.

“ఇప్పుడెందుకు చెప్పాలనిపించిందండీ?” అంది ఇందుమతి మెల్లగా.

“ఇంకెప్పుడు సెప్తానమ్మా?” అన్నాడు దానయ్య.

ఆమె అప్పటికప్పుడే బోర్డు మీద సుద్దతో రాసేసింది. సోమవారం నాడు జిల్లా కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చింది.

“విషయము: ఉచిత ప్రజా ప్రసంగములు – విజ్ఞాన వృథా నివారణ – నిర్దిష్ట ఆదేశములు జారీ చేయుట గురించి” అని మొదలై అది నాలుగు పేజీలు నడిచింది. సారాంశం ఏమిటంటే, జిల్లాలో ఉచిత ప్రసంగాలకు వస్తున్నవారిని శాఖ వారు సర్వే చేయగా, నూటికి ఎనభై ఒక్కరు ఆ విషయం ఇదివరకే ఎరిగినవారని తేలింది. “తెలిసినవారికి తెలిసినదే తెలుపుట వలన, తెలియనివారికి చెందవలసిన విజ్ఞానము అనర్హుల పాలగుచున్నది.” కాబట్టి ఇకమీదట ప్రతి ప్రసంగానికి ముందు శ్రోతలందరికీ పూర్వ పరీక్ష పెట్టాలి. నూటికి ముప్పై అయిదు దాటినవారు తెలిసినవారు. వారిని బయటికి పంపించాలి. దాటనివారు అర్హులు, వారిని కూర్చోబెట్టి వినిపించి, ఉత్తర పరీక్ష పెట్టి, జ్ఞానం ఎంత పెరిగిందో జిల్లాకు తెలియజేయాలి.

కింద సంతకం ‘జిల్లా ఉచిత విజ్ఞాన ప్రయోజన పర్యవేక్షణాధికారి’ది. ఆయన పేరు పరాంకుశం. ఇందుమతి ఫోన్ చేస్తే ఆయనే ఎత్తారు.

“సార్, మా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ కొద్దో గొప్పో తెలుసండీ. తెలుసు కాబట్టే వస్తారు.”

“అదే అమ్మా రోగం. ఆకలి లేనివాడికి అన్నం పెడతామా? జ్ఞానమూ అంతే. అజ్ఞానం ఉన్నచోటికే లక్ష్యిత పంపిణీ జరగాలి.”

“విన్నదే మళ్లీ వినడంలో ఒక సంతోషం ఉంటుంది కదండీ.”

“సంతోషం వేరే శాఖ” అన్నారు పరాంకుశం. “మీరు వారికి రాసుకోండి.”

లాంచీ విషయానికి ఆమోదిత ప్రశ్నపత్రం ఇంకా తయారు కాలేదట. అందుకని దానయ్య ప్రసంగం వాయిదా పడింది. ప్రశ్నపత్రం సిద్ధంగా ఉన్న మొదటి విషయం ఉప్పు కొఠార్లు. చెప్పేది సుంకం కచేరీలో పనిచేసి రిటైరైన రంగనాయకులు.

ఆ ఆదివారం ఇరవై ఎనిమిది మంది వచ్చారు. పర్యవేక్షణకు పరాంకుశం గారు జీపులో స్వయంగా విచ్చేశారు. పొట్టి మనిషి, తెల్ల సఫారీ, చేతిలో ముద్ర వేసే స్టాంపుల డబ్బా. పది ప్రశ్నలు, అరగంట సమయం. ఇరవై అయిదు మంది ముప్పై అయిదు దాటేశారు. ఆడపిల్లల బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసిన త్రిపురాంబ టీచరుకు నూటికి నూరు వచ్చాయి. అదీ కాక ప్రశ్నపత్రంలో రెండు అక్షరదోషాలు దిద్ది, పక్కన ఎర్ర గీత కూడా గీసి ఇచ్చారు.

పరాంకుశం గారు ఆ కాగితం చూసి తల పంకించారు. “అమ్మా, తమరు ప్రథమ శ్రేణి అనర్హులు. బయటికి దయచేయండి.”

ఎనిమిదో క్లాసు నుంచీ ప్రతి పరీక్షలో మొదటి స్థానమే ఎరిగిన టీచరుగారు, జీవితంలో మొదటిసారి పరీక్షలో బాగా రాసినందుకు గది బయట నిలబడ్డారు.

రంగనాయకులు కూడా పరీక్ష రాశారు. వక్తకు మినహాయింపు ఉన్నట్టు ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఆయనకు తొంభై వచ్చాయి, ఆయన్నీ పంపించేశారు. మరి ప్రసంగం ఎవరు చేయాలని ఇందుమతి అడిగింది. పరాంకుశం గారు కొంతసేపు ఆలోచించి, రంగనాయకులును ‘సాంకేతిక సిబ్బంది’ కింద, ఫ్యాను బాగుచేసేవాడితో కలిపి లోపలికి అనుమతించారు. లోపల మిగిలిన అర్హులు ముగ్గురు. రాయలసీమ నుంచి కొత్తగా వచ్చిన బ్యాంకు గుమాస్తా, ఆయన భార్య, సెలూను కోటిలింగం. కోటిలింగం నలభై ఏళ్లుగా గవ్వలరేవులోనే గడ్డాలు గీస్తున్నాడు. కానీ కత్తెర ఆడించేటప్పుడు మాట్లాడేది ఎప్పుడూ తనే కావడం వల్ల, ఊరి సంగతులు ఒక్కటీ చెవిన పడలేదు.

బయట ఉన్న పాతికమందీ కిటికీల దగ్గర మూగారు. “అనధికార శ్రవణం” అని పరాంకుశం గారు కిటికీలు మూయించారు. ఫాల్గుణం ఎండలో, మూసిన గదిలో, ముగ్గురికి రంగనాయకులు గంటసేపు ఉప్పు గురించి చెప్పారు. ఎక్కడా ఎవరూ అడ్డం తగల్లేదు. ముగించాక ఆయన బయటికి వచ్చి, “చచ్చిపోయినట్టుందమ్మా, ఒక్కడూ కాదనలేదు” అన్నారు ఇందుమతితో.

మరుసటి నెలకు ఊరు తెలివి తెచ్చుకుంది. తెలివంటే ఏమీ లేదు, తెలియనట్టు రాయడం నేర్చుకుంది. ఈ విద్యలో గురువు కోటిలింగమే. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా తప్పినవాడు కాబట్టి అందరూ ఆయన మాట విన్నారు. సాయంత్రాలు సెలూనులో పాఠాలు నడిచాయి.

“తెలీనట్టు రాయడం తేలికేం కాదండోయ్” అనేవాడు కోటిలింగం, సబ్బు నురగ కలుపుతూ. “అన్నీ తప్పు రాసేరనుకోండి, అనుమానం వత్తాది. ఒక్కటి ఒప్పు పడాలి. అయినా కూడా ఏదో గాలివాటంగా తగిలినట్టుండాలి గాని, తెలిసి రాసినట్టుండకూడదు.”

అందరికీ అబ్బింది కానీ త్రిపురాంబ టీచరుకు అబ్బలేదు. ముప్పై నాలుగేళ్లు తప్పులు దిద్దిన చెయ్యి తప్పు రాయనని మొరాయించింది. రెండు రోజులు అన్నం సహించలేదని ఇందుమతితో చెప్పుకున్నారు. చివరికి ఆవిడే ఉపాయం కనిపెట్టారు. రెండో ప్రశ్నకు జవాబు మూడో ప్రశ్న కింద, మూడోదానికి జవాబు నాలుగో ప్రశ్న కింద రాసుకుంటూ పోయారు.

“నా కాగితంలో అబద్ధం ఒక్కటి లేదమ్మా. ఉండాల్సిన చోట లేవు, అంతే” అన్నారు.

ఆ నెల విషయం పాత తపాలా దారులు. పూర్వ పరీక్షలో గవ్వలరేవు సగటు తొమ్మిది మార్కులు. ఉత్తర పరీక్షలో తొంభై ఏడు. జిల్లాలో ఇంత గొప్ప జ్ఞానవృద్ధి ఎక్కడా నమోదు కాలేదు. పరాంకుశం గారు పరవశించిపోయారు. “ఇంత స్వచ్ఛమైన అజ్ఞానం ఈ జిల్లాలో దాగి ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియకపోయెనే” అని ఇందుమతి చేతిలో ఒక ప్రశంసాపత్రం పెట్టారు. మరుసటి వారం ఊరి మొదట్లో గుడ్డ బ్యానరు వెలిసింది: “అజ్ఞానంలో అట్టడుగు, వృద్ధిలో అగ్రభాగం – గవ్వలరేవుకు అభినందనలు.” బస్సు దిగిన ప్రతివాళ్లూ అది చదివి, ఊళ్లోవాళ్లను జాలిగా చూసేవారు.

చిక్కు తర్వాత వచ్చింది. ఒకసారి జ్ఞానం పొందినవారు మళ్లీ అజ్ఞానులు ఎలా అవుతారని పై కార్యాలయం ప్రశ్న వేసింది. సమంజసమైన ప్రశ్నే. దాంతో కొత్త ఉత్తర్వు పడింది. ఇదివరకు లాభం పొందినవారు మళ్లీ రావాలంటే, వచ్చే విషయం తమకు తెలియదని గ్రామ రెవెన్యూ అధికారి దగ్గర ‘విషయ అపరిచయ ధ్రువీకరణ పత్రం’ తెచ్చుకోవాలి. ఊళ్లోవాళ్లు దాన్ని తెలీదు కాయితం అన్నారు. కచేరీ ముందు తెలీదు కాయితాల కోసం వరస కట్టారు. దరఖాస్తుకు ఇద్దరు సాక్షులు కావాలి. ఎదుటివాడికి విషయం తెలియదని చెప్పాలంటే సాక్షికి ఆ విషయం తెలిసి ఉండాలి. తెలిసినట్టు సంతకం పెట్టాడు కాబట్టి సాక్షి అనర్హుడైపోతాడు. ఆ సంగతి బయటపడగానే ఊళ్లో సాక్షి అన్నవాడు దొరక్కుండా పోయాడు. అన్నదమ్ములు కూడా ఒకరి అజ్ఞానం ఒకరు ఎరగమన్నారు.

వైశాఖంలో ముచ్చటకు ఒక్క శ్రోతా లేడు. వక్త కూడా రాలేదు. ఇందుమతి ఖాళీ కుర్చీల మధ్య గంటసేపు కూర్చుని, ఉన్నదున్నట్టు నివేదిక పంపింది. జిల్లా నుంచి జవాబు వచ్చింది: “తెలిసినవారెవరును వినలేదు గనుక విజ్ఞాన వృథా శూన్యము. సంతోషము.”

ఆ కాగితం పట్టుకుని ఆమె జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

“సార్, దానయ్య గారికి ఎనభై నాలుగేళ్లు. నాలుగు నెలలుగా ఆగి ఉన్నారు. ఆ లాంచీ మీద ఉన్న మనిషి ఆయన ఒక్కరే మిగిలారు. ఒక్క ఆదివారం ఇప్పించండి.”

పరాంకుశం గారు లాంచీ ఫైలు తెప్పించి బల్ల మీద పెట్టించారు. “చూడమ్మా. దుర్ఘటన సమయంలో ఈ దానయ్య అనువాడు అందులో ఉన్నాడు. అంటే స్వయంగా చూసినవాడు. చూసినవాడు సాక్షి అవుతాడు, వక్త కాడు. వక్తకు ఆధారం కావాలి.”

“చూసినదానికంటే ఆధారం ఏముంటుందండీ?”

“ఫైలు” అన్నారు ఆయన, ఫైలు మీద చెయ్యి వేసి. “పైగా ఆ విషయం మీద నేనే మాట్లాడదామనుకుంటున్నాను. రాజధాని నుంచి కమిషనరు గారు నమూనా సభ చూడడానికి వస్తున్నారు. హాలు నిండుగా కనిపించాలి. ఆ ఒక్కరోజుకు తెలీదు కాయితాలు... ఆ ధ్రువీకరణ పత్రాలు సడలిస్తున్నాం. పూర్వ పరీక్ష చాలు.”

“తమరు ఆ ఏరు ఎప్పుడైనా చూశారాండీ?”

“లేదు. అందుచేతనే నిష్పాక్షికంగా చెప్పగలను.”

తిరిగి వస్తున్నంతసేపూ ఇందుమతికి కళ్లు మండుతూనే ఉన్నాయి. దానయ్య రేవు మెట్ల మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన చేతిలో పని ఆపలేదు.

“ఆరేం సెప్తారో ఇంటానమ్మా.”

“మిమ్మల్ని లోపలికి రానివ్వరండీ. అందరికంటే మీకే ఎక్కువ తెలుసు. కోటిలింగం దగ్గరికి ఒకసారి వెళ్లి...”

“తప్పులు రాయడం నాకొద్దమ్మా” అన్నాడు దానయ్య. “తెలిసింది రాస్తాను. పొమ్మంటే పోతాను.”

జ్యేష్ఠంలో నమూనా సభ జరిగింది. కమిషనరు గారు వచ్చారు, కెమెరా వచ్చింది, గుమ్మానికి మామిడాకులు కట్టారు. యాభై ఇద్దరు పూర్వ పరీక్ష రాశారు. కోటిలింగం తర్ఫీదు ప్రకారం, లాంచీలో పోయినవారు ఎందరన్న ప్రశ్నకు ఒకరు అయిదన్నారు, ఒకరు నలభై అన్నారు, ఒకరు “లాంచీ మునగలేదు” అన్నారు. అందరూ పోయింది పద్నాలుగు మందేనని పుట్టినప్పటి నుంచీ విన్నవారే. చదువు రానివాళ్ల జవాబులు ఇందుమతి పక్కన కూర్చుని రాసిపెట్టింది. ఎండుచేపలు అమ్మే ఓలేటి మరిడమ్మ ఆ ప్రశ్న రెండుసార్లు చదివించుకుంది. మరిడమ్మకు ఆరేళ్లప్పుడు తల్లి చేపల గంపతో అవతలి ఒడ్డుకు వెళ్లి తిరిగి రాలేదు. లాంచీలో పోయిందని కొందరు, లేదు, ఎటో వెళ్లిపోయిందని కొందరు అన్నారు. కాగితాల్లో ఆ పేరు ఎక్కడా లేదు. చివరికి “నాకు నిజంగానే తెలీదమ్మా, అలాగే రాయి” అంది.

దానయ్య తన కాగితం తనే రాసుకున్నాడు. పెద్ద పెద్ద అక్షరాలు. పరాంకుశం గారు దాన్ని దిద్దుతూ ఆగిపోయారు. ప్రమాదానికి కారణం? ఫైలులో ఉన్నది ‘ఆకస్మిక గాలివాన’. దానయ్య ‘గాలి లేదు, బరువు’ అని రాశాడు. మృతుల సంఖ్య? ఫైలులో పద్నాలుగు. దానయ్య ఇరవై మూడు అని రాశాడు. పది ప్రశ్నల్లో ఫైలుతో కలిసింది లాంచీ పేరు ఒక్కటే. పది మార్కులు.

“కమిషనరు గారూ, ఒకసారి చిత్తగించండి” అన్నారు పరాంకుశం గారు, ఆ కాగితం పైకెత్తి చూపిస్తూ. “ఆ లాంచీలోనే పనిచేసిన వ్యక్తి! అయినా విషయ పరిజ్ఞానం బొత్తిగా శూన్యం. ఇంతటి అర్హత గల లబ్ధిదారుడు నా సర్వీసులో తారసపడలేదు.”

దానయ్యను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫొటో తీశారు.

పరాంకుశం గారు నలభై నిమిషాలు ప్రసంగించారు. లాంచీ పొడవు, వెడల్పు, ఇంజను శక్తి, విచారణ సంఘం సభ్యుల హోదాలు అన్నీ చెప్పారు. చివరికి గొంతు పెంచి, “ఆ విధంగా పద్నాలుగు నిండు ప్రాణములు జలసమాధి అయినవి” అన్నారు.

దానయ్య లేచి నిలబడ్డాడు.

“ఇంకా తొమ్మిది మంది ఉన్నారండి.”

“సందేహములు చివరలో.”

“సందేహం కాదండి.” ఆయన పరాంకుశం గారికేసి చూడలేదు, వెనక్కి తిరిగి ఊరివాళ్లకేసి చూశాడు. “పద్నాలుగు టిక్కెట్లు. అది నిజమే. గంపలోళ్లకి టిక్కెట్టు లేదండి. ఆళ్లని ఎక్కించకూడదని రూలు. ఆ రోజు సన్నగా జల్లు పడతా ఉంది. గంపలు నెత్తిన ఎట్టుకుని రేవులో తడుస్తా నిలబడ్డారు. నాకు ఇరవై రెండేళ్లు. సరంగు ఇంజను కాడ ఉన్నాడు, సూడలేదు. నేనే సెయ్యి ఇచ్చి ఎక్కించాను. ఒక్కొక్కళ్లనీ. తొమ్మిది మందిని.”

వెనక వరసలోవాళ్లు లేచి ముందుకు వచ్చారు.

“విచారణలో దొరగారు టిక్కెట్లు ఎన్నని అడిగారు. పద్నాలుగన్నాను. ఇంకేం అడగలేదు. నేను సెప్పలేదు. సెప్తే ఉద్యోగం పోద్దని కాదండి... సెయ్యి ఇచ్చింది నేనని సెప్పాలి గదా. అది నోట రాలేదు.”

తర్వాత ఆయన పేర్లు చెప్పాడు. వేళ్లు మడుస్తూ, తొందర లేకుండా. ఒక్కో పేరుకు ఇంటిపేరు, పేట, గంపలో ఏముందో కూడా చెప్పాడు. ఆరో పేరు కాసులమ్మ. “ఓలేటోరి కోడలు. కట్టవ పేట. గంపలో సావిడాయ సేపలు. ఇంటికాడ ఆరేళ్ల పిల్లుందని, బేగా ఎల్లాలని, నాకు సెయ్యి అందించింది.”

గుమ్మం దగ్గర మరిడమ్మ నేల మీద కూర్చుండిపోయింది. త్రిపురాంబ టీచరు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు.

పరాంకుశం గారు ఫైలు తెరిచి చూసుకున్నారు. “వారికి టిక్కెట్టు లేదు కదా. ప్రయాణికులుగా పరిగణించుటకు వీలులేదు. ఆధారరహిత వ్యాఖ్యలను శ్రోతలు పరిగణనలోకి తీసుకోరాదు. ఇప్పుడు ఉత్తర పరీక్ష.”

కాగితాలు పంచారు. అవే పది ప్రశ్నలు. అందరూ తలలు వంచి రాశారు. ఆ రోజు ఎవరూ ఎవరి కాగితంలోకీ తొంగి చూడలేదు. త్రిపురాంబ టీచరు జవాబులు దేని కింద దాన్నే రాశారు. ఇందుమతి మరిడమ్మ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ప్రశ్న చదివింది.

“ఎంతమంది పోయారు, మరిడమ్మా?”

“ఇరవై మూడు” అంది మరిడమ్మ. “గట్టిగా రాయి.”

యాభై ఇద్దరూ ఇరవై మూడే రాశారు. కారణం ‘బరువు’ అని రాశారు. గాలివాన అన్నవాడు ఒక్కడూ లేడు. లాంచీ పేరు తప్ప ఫైలుతో కలిసే జవాబు ఎవరూ రాయలేదు. కోటిలింగం అయితే మిగతా ప్రశ్నలన్నీ వదిలేసి తొమ్మిది పేర్లూ రాసుకొచ్చాడు. ఆయనకు ఒక సంగతి విని గుర్తుపెట్టుకోవడం అదే మొదలు. పూర్వ పరీక్షలో సగటు పదకొండు. ఉత్తర పరీక్షలో పది. నలభై నిమిషాల ప్రసంగం విన్నాక గవ్వలరేవు జ్ఞానం ఒక మార్కు తగ్గింది.

కమిషనరు గారు టీ తాగకుండా జీపెక్కారు.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. “నిష్ణాతులచే బోధించినను, ఆమోదిత ఆధారములు చూపినను, సదరు గ్రామస్థులు గ్రహింపజాలకుండుట స్పష్టమైనందున, గవ్వలరేవును విజ్ఞాన గ్రహణ రహిత ప్రాంతముగా ప్రకటించి, పథకము నుండి శాశ్వతముగా తొలగించడమైనది. ఇకపై సదరు గ్రామమున జరుగు ఎట్టి ప్రసంగముతోను శాఖకు సంబంధము లేదు.” ఆ వెంటనే పరాంకుశం గారే ఫోన్ చేశారు. ఇలాంటి ప్రాంతాన్ని సకాలంలో గుర్తించినందుకు ఆయనకు పదోన్నతి వచ్చింది. రాష్ట్రమంతా తిరిగి ఇంకెన్ని ఉన్నాయో వెతికే పని అప్పగించారు.

“బాధపడకమ్మా. కొన్ని ఊళ్లంతే” అన్నారు.

“బాధేం లేదండీ” అంది ఇందుమతి. ఆ మాట మాత్రం నిజం.

ఆమె ఒక పని చేసి చూసింది. ఫైలులో మృతుల సంఖ్య సరిచేయమని, తొమ్మిది పేర్లతో, దానయ్య సంతకంతో సహా అర్జీ పంపింది. దానికి జవాబు తొందరగానే వచ్చింది: సదరు తొమ్మిదిమంది ప్రయాణపు టిక్కెట్ల నకళ్లు జతపరచినచో పరిశీలించబడును.

ఆషాఢంలో రెండో ఆదివారం నాడు గ్రంథాలయంలో చోటు చాల్లేదు. పరీక్ష లేదు, కాయితం లేదు. కిటికీలన్నీ తెరిచారు. కిటికీల మీద కూడా కూర్చున్నారు. ఇందుమతి ముందుగా ఉత్తర్వు చదివి వినిపించింది. “గ్రహణ రహిత ప్రాంతం” అన్న చోట ఊరంతా చప్పట్లు కొట్టింది. తమకు అర్థమయ్యేట్టు మళ్లీ చదవమని రంగనాయకులు అడిగితే మళ్లీ చదివింది.

తర్వాత దానయ్య చెప్పాడు. ఈసారి మొదటి నుంచి, తాపీగా. లాంచీ ఎవరు కట్టారో, దాని కూత ఎంత దూరం వినబడేదో, సరంగు ఎలాంటివాడో. మధ్యలో రంగనాయకులు అడ్డం తగిలి ఆ రోజు అమావాస్య అన్నారు. కాదు, పాడ్యమి అన్నాడు దానయ్య. కొంతసేపు వాదన నడిచింది. ఇందుమతి రెండూ రాసుకుంది. తొమ్మిది పేర్లూ అప్పటికే రిజిస్టరులో పేజీ మొదట్లో, దిట్టమైన సిరాతో రాసి పెట్టింది.

ఆయన ముగించాక ఎవరూ లేవలేదు. గుమ్మం దగ్గర నుంచి మరిడమ్మ అడిగింది.

“దానయ్యబాబా, ఆ రోజు మాయమ్మ ఏ రంగు కోక కట్టుకుంది?”

దానయ్య కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

“ఆకుపచ్చది” అన్నాడు. “ఎర్ర అంచు. తడిసి నల్లగా ఉంది గాని, ఆకుపచ్చదే.”

మరిడమ్మ తల ఊపింది. ఆ రంగు ఆమెకు ఇంతకుముందు తెలియదు. ఇప్పుడు తెలిసింది. అది ఏ పరీక్షలోనూ అడగరు.